30 శాతమే నిండిన లింకులో మాట ఎందుకు తెగిపోతుంది?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నేను నెట్‌వర్క్ చూసుకున్న ఒక ఆఫీసులో మూడో అంతస్తు మొత్తం తెలుగు ఫ్లోర్. కర్నూలు, చిత్తూరు, ఖమ్మం, శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలు 120 మంది హెడ్‌సెట్లు పెట్టుకుని రోజంతా మాట్లాడుతుంటారు. అవతల ఫోన్ చేసేది ఎక్కువగా పల్లెల్లో ఉండే పెద్దవాళ్లు. ఉదయం పదిన్నర దాటిందంటే మాకు టికెట్లు వచ్చిపడేవి. వాయిస్ బ్రేక్ అవుతోంది, మాట ముక్కలు ముక్కలుగా వెళ్తోంది, రోబో మాట్లాడినట్టుందట. ఒకరోజు నేనే వెళ్లి ఒక శ్రీకాకుళం అమ్మాయి పక్కన కూర్చున్నాను. అవతల ఒక పెద్దావిడ "తల్లీ, సగం మాటే వినిపిస్తోంది, మళ్లీ చెప్పమ్మా" అంటోంది. ఈ పిల్ల అదే పదకొండు అంకెల నంబరును నాలుగోసారి చదువుతోంది. ఆ నాలుగోసారి దాని ముఖం చూశాక ఇది నాకు మామూలు టికెట్‌లా అనిపించలేదు.

వెనక్కి వచ్చి ఆ ఫ్లోర్ స్విచ్ నుంచి, ఆఫీసు మొత్తాన్ని కలిపే కోర్ స్విచ్‌కి వెళ్లే అప్‌లింక్ గ్రాఫ్ తెరిచాం. 1 జీబీపీఎస్ లింకు, అంటే సెకనుకు వంద కోట్ల బిట్లు. వాడకం 30 శాతం. "30 శాతమే కదా, లింకుకేం కాలేదు, ఫోన్ సర్వర్ సంగతి చూడండి" అన్నారు పైవాళ్లు. రెండు వారాలు సర్వర్ వెంట తిరిగాం. తప్పు అక్కడ లేదు. ఆ 30 అనే అంకెను నమ్మడంలో ఉంది.

తీగకు 30 శాతం వేగం అంటూ ఏదీ ఉండదు. 1 జీబీపీఎస్ పోర్టు ఒక ప్యాకెట్‌ను పంపుతున్నంతసేపూ పూర్తి 1 జీబీపీఎస్ వేగంతోనే పంపుతుంది. పంపేది లేనప్పుడు ఊరికే ఉంటుంది. అంటే ఏ క్షణం చూసినా ఆ తీగ నూటికి నూరు శాతం నిండి ఉంటుంది, లేకపోతే పూర్తిగా ఖాళీగా ఉంటుంది. గ్రాఫ్‌లో మనం చూసేది ఐదు నిమిషాల సగటు. ఐదు నిమిషాలంటే 3 లక్షల మిల్లీ సెకన్లు. వాటిలో ఎన్ని నిండుగా గడిచాయి, ఎన్ని ఖాళీగా గడిచాయి అన్నదే ఆ 30. నిండుగా గడిచినవి అక్కడక్కడా చెదిరి ఉన్నాయా, అన్నీ ఒకేచోట గుంపుగా పడ్డాయా అన్నది గ్రాఫ్ చెప్పదు. సిల్క్ బోర్డు జంక్షన్‌లో వెళ్లే బండ్లకు 24 గంటల సగటు తీస్తే ఓ మోస్తరు రద్దీ అనే తేలవచ్చు. సాయంత్రం ఆరున్నరకు అక్కడ బైకు మీద ఇరుక్కున్న మనిషికి ఆ సగటు ఎందుకూ పనికిరాదు.

మా స్విచ్ మీదే డిజైన్ టీమ్ కంప్యూటర్లు కూడా ఉన్నాయి. వాటిలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ప్రతి పావుగంటకూ మారిన ఫైళ్లను కోర్ వైపున్న స్టోరేజ్‌కు పంపుతుంది. పదిన్నరకు ఆ టీమ్ వచ్చి పని మొదలుపెడుతుంది. ఒక్కో కంప్యూటర్‌ది 1 జీబీపీఎస్ పోర్టు. రెండు కంప్యూటర్లు ఒకేసారి పంపితే లోపలికి వచ్చేది 2 జీబీపీఎస్, బయటికి పోగలిగేది 1 జీబీపీఎస్. మిగిలిన 1 జీబీపీఎస్ స్విచ్ మెమరీలో, అంటే బఫర్‌లో ఆగాలి. 1 జీబీపీఎస్ అంటే మిల్లీ సెకనుకు 125 కేబీ. లెక్క సులువు కోసం ఆ పోర్టుకు 2 ఎంబీ బఫర్ దక్కిందనుకుందాం. 16 మిల్లీ సెకన్లలో నిండిపోతుంది. పదిహేడో మిల్లీ సెకనులో వచ్చిన ప్యాకెట్‌కు చోటు లేదు, స్విచ్ దాన్ని పారేస్తుంది. అది బ్యాకప్ ఫైలు ముక్కో, ఆ అమ్మాయి చదువుతున్న అంకో దానికి తెలియదు. ఇలాంటి ఒత్తిళ్లను నెట్‌వర్క్ వాళ్లు మైక్రోబర్స్ట్‌లంటారు. ఐదు నిమిషాల గ్రాఫ్‌లో 16 మిల్లీ సెకన్లు గీత మందం కూడా ఉండవు.

దెబ్బ మాటకే ఎందుకు తగులుతుంది

బ్యాకప్ ప్యాకెట్ పోతే, ఫైళ్లను చేరవేసే టీసీపీ అనే ప్రోటోకాల్ దాన్ని మళ్లీ పంపుతుంది. ఫైలు అర సెకను ఆలస్యంగా చేరుతుంది, ఎవరికీ తెలియదు. మాటకు ఆ వెసులుబాటు లేదు. గొంతును అంకెలుగా మార్చే జీ.711 అనే పాత, మామూలు కోడెక్‌ను తీసుకోండి. అది గొంతును 20 మిల్లీ సెకన్ల ముక్కలుగా కోస్తుంది. సెకనుకు 50 ప్యాకెట్లు. ఒక్కోదానిలో 160 బైట్ల గొంతు, దాని మీద ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు, అంటే ప్యాకెట్ ముందు అంటించే వివరాలు, కలిపి 40 బైట్లు, ఈథర్‌నెట్‌వి 18. అన్నీ కలిపితే ఒక కాల్‌కు ఒక వైపు 87 కేబీపీఎస్. 120 మంది ఒకేసారి మాట్లాడినా పదిన్నర ఎంబీపీఎస్. అంటే ఆ అప్‌లింక్‌లో ఒక్క శాతం. మూడో అంతస్తు ప్రాణమంతా ఆ ఒక్క శాతంలో ఉంది.

చేరడం ఒక్కటే చాలదు, వేళకు కూడా చేరాలి. నోటి నుంచి చెవికి ఒక వైపు 150 మిల్లీ సెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికం సంఘం జీ.114 సిఫారసు చెబుతుంది. అవతలి ఫోన్ ప్యాకెట్ల రాకలో తేడాలను సర్దుకోవడానికి కొన్ని పదుల మిల్లీ సెకన్లు దాచిపెట్టుకుంటుంది. దాన్నే జిట్టర్ బఫర్ అంటారు. ఆ గడువు దాటి వచ్చిన ప్యాకెట్ చేరినా పోయినట్టే. అందుకే పెద్ద బఫర్ ఉన్న స్విచ్ కొంటే సరిపోతుందన్న మాట నిలబడదు. చోటు పెంచితే పారేయడం తగ్గుతుంది, నిలబడటం పెరుగుతుంది. ఇది ఇవాళ తెలిసిన సంగతి కాదు. స్విచ్‌కు అంతులేని మెమరీ ఇచ్చినా రద్దీ తీరదని జాన్ నేగల్ 1985లోనే, ఇంటర్నెట్ పద్ధతులను నమోదు చేసే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో 970వ దానిలో రాశారు.

ఇక్కడ తిరుమల వరుసను తలచుకోవడం నాకు అలవాటు. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లలో శుక్రవారం రాత్రి బస్సెక్కి కొండకు వెళ్లని కుటుంబాలు తక్కువ కాబట్టి కొత్తగా చేరిన పిల్లలకు ఇలా చెబితే వెంటనే అర్థమవుతుంది. గర్భగుడి ముందు నుంచి గంటకు ఇంతమందే కదలగలరు. అది లింకు వేగం. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లు ఎన్ని కట్టినా ఆ సంఖ్య పెరగదు, కూర్చునే చోటే పెరుగుతుంది. అది బఫర్. సర్వదర్శనం, 300 రూపాయల టికెట్, వీఐపీ బ్రేక్ అని వరుసలు వేరుచేసినా గుడి పెద్దది కాదు, ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది మాత్రం మారుతుంది. క్వాలిటీ ఆఫ్ సర్వీస్, మనం క్యూఓఎస్ అనేది, సరిగ్గా ఇంతే. అది ఒక్క కేబీపీఎస్ కూడా కొత్తగా పుట్టించదు. అందరికీ చోటు లేని ఆ కొన్ని మిల్లీ సెకన్లలో ఎవరు ఆగాలో మనం ముందే చెప్పిపెట్టడం. ఎవరూ ఆగనక్కరలేదు, అందరికీ మంచి సర్వీసు కావాలి అనే మేనేజర్‌కు కావలసింది క్యూఓఎస్ కాదు, ఇంకో లింకు.

అందుకే నేను ఏ ఆఫీసుకు వెళ్లినా మొదట అడిగేది "మీకు ముఖ్యమైనవేంటి" అని కాదు. ఆ ప్రశ్నకు ప్రతి డిపార్ట్‌మెంటూ తన పేరే చెబుతుంది. "ఏది అర నిమిషం ఆలస్యమైనా మీకు పట్టదు" అని అడుగుతాను. బ్యాకప్, విండోస్ అప్‌డేట్లు, పెద్ద ఫైళ్ల కాపీలు. ఆ జాబితా దొరికితే సగం పని అయినట్టే.

చీటీ వేరు, వరుస వేరు

స్విచ్ ప్యాకెట్‌ను గుర్తుపట్టాలంటే దాని మీద చీటీ ఉండాలి. చీటీలు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి వీలాన్ ట్యాగ్‌లో, అంటే ఒకే స్విచ్ మీద విడివిడి నెట్‌వర్క్‌లను గుర్తుపట్టడానికి ఫ్రేమ్‌కు తగిలించే గుర్తులో. మూడు బిట్లు, 0 నుంచి 7 వరకు విలువలు. కాస్ అంటాం, 802.1పీ అని కూడా అంటారు. ట్యాగ్ ఉంటేనే ఇది ఉంటుంది. మామూలు యాక్సెస్ పోర్టులో కంప్యూటర్ పంపే ట్యాగ్ లేని ఫ్రేమ్‌కు కాస్ అనేదే లేదు. రెండోది ఐపీ హెడర్‌లో. 1981 నాటి ఐపీ ప్రమాణంలోనే దీనికోసం ఒక బైట్ కేటాయించారు. 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2474 ఆ బైట్‌లో ఆరు బిట్లను డీఎస్‌సీపీగా మార్చింది. 64 విలువలు. మిగిలిన రెండు బిట్లను 2001లో రద్దీ సూచన కోసం, అంటే ఈసీఎన్‌కు వాడుకున్నారు. ఐపీ హెడర్ ప్యాకెట్‌తో పాటు చివరిదాకా వెళ్తుంది కాబట్టి డీఎస్‌సీపీని నమ్ముకోవడమే మేలు.

గొంతుకు 46 వాడతారు. ఈఎఫ్ అని దాని పేరు. వీడియో మీటింగులకు 34, కాల్ కలిపే సిగ్నలింగ్‌కు 24, ఎవరికీ పట్టని బ్యాకప్ లాంటివాటికి 8, ఏమీ చెప్పకపోతే 0. రౌటర్లు తమలో తాము మాట్లాడుకునే రౌటింగ్ ప్రోటోకాళ్లకు 48. 46ను 0, 1 మాత్రమే వాడే బైనరీ లెక్కలో రాస్తే 101110. మొదటి మూడు బిట్లు 101, అంటే 5. గొంతుకు కాస్‌లో వాడే అంకె కూడా 5. రెండు చీటీలూ ఒకదానితో ఒకటి పొసగేలా మొదటి నుంచీ జాగ్రత్తపడ్డారు.

ఈ చీటీని ఎవరైనా రాసుకోవచ్చు. ఏ కంప్యూటరైనా తన ప్యాకెట్లన్నిటి మీదా 46 వేసి పంపవచ్చు. కాబట్టి ఎవరి చీటీని నమ్మాలి, ఎక్కడి నుంచి నమ్మాలి అని ఒక గీత గీయాలి. దీన్ని ట్రస్ట్ బౌండరీ అంటారు. డెస్క్ మీద ఐపీ ఫోన్, దాని వెనక పోర్టుకు కంప్యూటర్ తగిలించి ఉంటుంది. ఫోన్‌ను నమ్మాలి, దాని వెనక కంప్యూటర్‌ను నమ్మకూడదు. సిస్కో స్విచ్‌లలో అయితే పోర్టుకు నిజంగా సిస్కో ఫోన్ తగిలించి ఉందని, సిస్కో పెట్టెలు ఒకదానికొకటి పరిచయం చెప్పుకునే సీడీపీ ద్వారా తెలిసినప్పుడే నమ్మే ఏర్పాటుంది. ఇప్పుడు చాలామంది ఫోన్ లేకుండా ల్యాప్‌టాప్‌లోనే మాట్లాడుతున్నారు. అప్పుడు పోర్టు నంబర్లను బట్టి చీటీని స్విచ్చే వేయాలి. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కు గొంతు 50000 నుంచి 50019, వీడియో 50020 నుంచి 50039, స్క్రీన్ షేరింగ్ 50040 నుంచి 50059 అని వాళ్లే సూచించారు. అడ్మిన్ సెంటర్‌లో ఆ హద్దులు పెట్టుకుంటే పని తేలిక.

ఇక్కడి వరకు చేసి, క్యూఓఎస్ పెట్టేశాం అని రిపోర్టు రాసేవాళ్లను చాలామందిని చూశాను. చేతిలో 300 రూపాయల టికెట్ ఉంది, కానీ కొండ మీద ఆ టికెట్‌కు వేరే లైనే వేయలేదు. టికెట్ ఏం చేస్తుంది? చీటీ తనంతట తాను ఏ ప్యాకెట్‌నూ ముందుకు జరపదు. రద్దీ ఏర్పడే ప్రతి పోర్టులోనూ ఆ చీటీని చదివి, వేరే వరుసలో నిలబెట్టే ఏర్పాటుండాలి.

మేం చేసిన తప్పు

మా ఫ్లోర్ స్విచ్‌లు పాతవి, సిస్కో క్యాటలిస్ట్ 2960లు. ఇప్పటికీ మన ఊళ్లలో కాలేజీల్లో, చిన్న ఆఫీసుల్లో ఈ కుటుంబం స్విచ్‌లు చాలా కనిపిస్తాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇందులో క్యూఓఎస్ మొదట ఆపి ఉంటుంది. ఆపి ఉన్నప్పుడు చీటీలను ముట్టుకోదు, చదవదు. వచ్చినవి వచ్చినట్టు వరుసలో పంపుతుంది.

శుక్రవారం రాత్రి మెయింటెనెన్స్ వేళలో "ఎంఎల్‌ఎస్ క్యూఓఎస్" అన్న ఒక్క కమాండ్ కొట్టి పడుకున్నాం. సోమవారం పదిన్నరకు ముందుకన్నా ఘోరంగా తయారైంది. మాట తెగడం ఎక్కువైంది, పైగా ఫైళ్ల కాపీలు కూడా నత్తనడక. ఆ రోజు ఉన్న టెన్షన్ మాటల్లో చెప్పలేను. తీరిగ్గా చదివితే ఆ ఒక్క కమాండ్ మూడు పనులు చేసిందని తెలిసింది.

మొదటిది, క్యూఓఎస్ ఆన్ చేయగానే ఆ స్విచ్ ఏ పోర్టునూ నమ్మదు. నమ్మని పోర్టు నుంచి వచ్చిన ప్యాకెట్ చీటీని 0 చేసి పంపుతుంది. మా ఫోన్లు బుద్ధిగా 46 వేసి పంపుతుంటే మేమే దాన్ని చెరిపేశాం. అప్పటిదాకా కోర్ స్విచ్‌లోనైనా పనికొచ్చిన చీటీ ఇప్పుడు అక్కడికి కూడా చేరలేదు.

రెండోది, బఫర్. ఆపి ఉన్నప్పుడు పోర్టు బఫర్ అంతా ఒకటే. ఆన్ చేయగానే నాలుగు వరుసలై, ఒక్కోదానికి 25 శాతం వాటా వస్తుంది. డీఎస్‌సీపీ 0 నుంచి 15 వరకు ఉన్నవన్నీ మామూలు మ్యాప్ ప్రకారం 2వ వరుసకు వెళ్తాయి. మా చీటీలన్నీ 0 అయిపోయాయి. అంటే ఫ్లోర్ మొత్తం ట్రాఫిక్ ఒక్క 2వ వరుసలో, పావు వంతు బఫర్‌లో ఇరుక్కుంది. మిగతా మూడు వరుసలు దాదాపు ఖాళీ. ఇందాకటి లెక్కలో 16 మిల్లీ సెకన్లు తట్టుకున్నది ఇప్పుడు 4 మిల్లీ సెకన్లకే నిండిపోతోంది. పంచుకునే ఉమ్మడి మెమరీ కొంత ఉంటుంది కాబట్టి నిజంలో లెక్క ఇంత సూటిగా ఉండదు, కానీ పోయిన దిక్కు అదే.

మూడోది అప్పటికి మాకు తగల్లేదు, తర్వాత తగిలేది. 1వ వరుస గొంతుకు ఉద్దేశించింది, 40 నుంచి 47 వరకు దానిలోకే వెళ్తాయి. కానీ మొదటి అమరికలో ఆ వరుస షేప్ విలువ, అంటే దాటనివ్వని హద్దు, 25. అది 25 శాతం అనుకుంటారు చాలామంది. కాదు, 25లో ఒక వంతు. అంటే 4 శాతం. 100 ఎంబీపీఎస్ పోర్టులో 4 ఎంబీపీఎస్ దాటితే గొంతుకే అడ్డుకట్ట. "ప్రయారిటీ క్యూ అవుట్" అని పోర్టు కింద రాస్తే ఆ హద్దు పోయి, 1వ వరుసకు నిజమైన మొదటి స్థానం వస్తుంది.

ఆ రాత్రే ఫోన్ పోర్టులను నమ్మమని చెప్పాం, అప్‌లింక్‌లో డీఎస్‌సీపీని నమ్మమన్నాం, రెండు చివర్లా ప్రయారిటీ క్యూ ఆన్ చేశాం. బ్యాకప్ ట్రాఫిక్‌ను స్టోరేజ్ సర్వర్ అడ్రసును బట్టి గుర్తుపట్టి 8 వేసి, దాన్ని 4వ వరుసకు పంపాలనుకున్నాం. మ్యాప్ తెరిచి చూస్తే 32 నుంచి 39, 48 నుంచి 63 అప్పటికే 4వ వరుసలో ఉన్నాయి. అంటే వీడియో మీటింగులను, రౌటింగ్ ప్రోటోకాళ్లను తీసుకెళ్లి బ్యాకప్‌తో ఒకే గదిలో పెట్టబోయాం. ఆ రెండింటినీ 3కు మార్చాకే బ్యాకప్‌ను 4కు దించాం. బఫర్‌ను 10, 50, 25, 15గా పంచాం. గొంతుకు 10 చాలు, ఎందుకంటే అది నిలబడకూడదు. మామూలు డేటా గుంపులుగా వస్తుంది కాబట్టి దానికి 50. అలాగే 2వ వరుస ఉమ్మడి మెమరీ నుంచి అప్పు తీసుకునే హద్దును కూడా పెంచాం. ఈ అంకెలు మా ఫ్లోర్‌వి. మీ ట్రాఫిక్ చూడకుండా ఇవే దించుకోవద్దు.

కొత్త క్యాటలిస్ట్ 9000 కుటుంబంలో పద్ధతి వేరు. అక్కడ పోర్టులు చీటీని మొదటి నుంచే నమ్ముతాయి, క్లాస్ మ్యాప్, పాలసీ మ్యాప్, సర్వీస్ పాలసీ అని మూడు మెట్లలో రాస్తాం, పోర్టుకు ఎనిమిది వరుసల దాకా ఉంటాయి. జూనిపర్, అరుబా వాళ్ల కమాండ్లు ఇంకోలా ఉంటాయి. గుర్తుపట్టడం, చీటీ వేయడం, వరుసలో పెట్టడం, వరుసలు ఖాళీ చేసే పద్ధతి చెప్పడం అన్న పని క్రమం మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఏ వరుసను ఎప్పుడు కదిలించాలి

నాలుగు వరుసలున్నాయి, తీగ ఒక్కటే. తర్వాతి ప్యాకెట్‌ను ఏ వరుస నుంచి తీయాలి? కఠిన ప్రాధాన్యం అనే పద్ధతిలో 1వ వరుసలో ఒక్క ప్యాకెట్ ఉన్నా ముందు అదే వెళ్తుంది. అది ఖాళీ అయ్యాకే మిగతావి. గొంతుకు ఇదే సరైనది. తనకన్నా ముందు తీగ ఎక్కేసిన ఒక్క పెద్ద ప్యాకెట్ వెళ్లేంతవరకే ఆగాలి. 1500 బైట్ల ప్యాకెట్‌కు 1 జీబీపీఎస్‌లో పట్టేది 12 మైక్రో సెకన్లు. అదే 2 ఎంబీపీఎస్ పాత లీజు లైనులో 6 మిల్లీ సెకన్లు.

ప్రమాదం కూడా ఇందులోనే ఉంది. 1వ వరుసలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటే మిగతా వరుసలు ఎప్పటికీ కదలవు. వీఐపీ బ్రేక్ నడుస్తున్నంతసేపూ సర్వదర్శనం లైను నిలిచిపోయినట్టే. అందుకే ఆ వరుసలోకి వెళ్లేవి లింకులో మూడో వంతు దాటకూడదని సిస్కో సూచిస్తుంది. ఎవరో డైరెక్టర్ గారి వీడియో కాల్ బాగుండాలని వీడియోను కూడా అందులో పడేస్తే, గుంపులుగా వచ్చే వీడియో ప్యాకెట్ల వెనక గొంతు నిలబడుతుంది. వీడియోకు వేరే వరుస, దానికి గట్టి వాటా, అది చాలు.

మిగతా మూడు వరుసల మధ్య వాటాల పద్ధతి. ఒకదానికి 50, ఒకదానికి 40, ఒకదానికి 10 అని బరువులిస్తే ఆ దామాషాలో వంతులవారీగా తీస్తుంది. ఇక్కడ ఒక మాట అందరికీ నొక్కి చెబుతాను. షేర్, అంటే ఈ వాటా, కనీస హామీ. మిగతా వరుసలు ఖాళీగా ఉంటే 10 వాటా ఉన్న బ్యాకప్ మొత్తం లింకును వాడుకోవచ్చు. రాత్రి రెండింటికి ఆఫీసులో ఎవరూ లేనప్పుడు దాన్ని ఆపాల్సిన పని లేదు. షేప్ అంటే అలా కాదు, లింకు ఖాళీగా ఉన్నా ఆ హద్దు దాటనివ్వదు. ఈ రెండు మాటలు కలగలిపి రాత్రి బ్యాకప్ తెల్లారినా పూర్తికాని ఆఫీసును నేను చూశాను.

వరుస నిండితే ఏం పారేయాలన్నది ఇంకో ప్రశ్న. ఏమీ చెప్పకపోతే చివర వచ్చినవన్నీ పోతాయి. అప్పుడు ఆ వరుసలోని టీసీపీ కనెక్షన్లన్నీ ఒకేసారి దెబ్బతిని, ఒకేసారి వేగం తగ్గించి, ఒకేసారి మళ్లీ పెంచుతాయి. లింకు నిండడం, ఖాళీ అవడం అలలుగా సాగుతుంది. దీనికి విరుగుడుగా శాలీ ఫ్లాయిడ్, వాన్ జాకబ్సన్ 1993లో రెడ్ అనే పద్ధతి చెప్పారు. వరుస నిండకముందే అక్కడక్కడా ఒక ప్యాకెట్‌ను పారేసి, కొన్ని కనెక్షన్లను ముందుగానే నెమ్మదించమనడం. జాకబ్సన్‌కు ఈ విషయం మీద పట్టు ఊరికే రాలేదు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు, 400 గజాల దూరంలోని బర్క్‌లీ యూనివర్సిటీకి మధ్య వేగం 32 కేబీపీఎస్ నుంచి 40 బీపీఎస్‌కు పడిపోవడం ఆయన దగ్గరుండి చూశారు. ఇవాళ టీసీపీ రద్దీని చూసి వెనక్కి తగ్గుతోందంటే ఆ తర్వాత ఆయన చేసిన పని వల్లే. గొంతు వరుసలో మాత్రం రెడ్ పెట్టకూడదు. గొంతు టీసీపీ కాదు, ఒక ప్యాకెట్ పోయిందని ఎవరూ నెమ్మదిగా మాట్లాడరు.

ఆఫీసు గడప దాటాక

లోపల అంతా సర్దినా బయటి కాల్స్‌లో ఇంకా అప్పుడప్పుడు మాట తెగేది. ఇది చాలామంది తడబడే చోటు. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ మాకిచ్చింది 100 ఎంబీపీఎస్. కానీ వాళ్ల పెట్టెకు, మా పెట్టెకు మధ్య తీగ 1 జీబీపీఎస్. మా వైపు పోర్టుకు తెలిసింది 1 జీబీపీఎస్ మాత్రమే. అది 150 ఎంబీపీఎస్ పంపుతున్నా దాని దృష్టిలో రద్దీ లేదు. రద్దీ లేకపోతే వరుస ఏర్పడదు, వరుస లేకపోతే ప్రాధాన్యానికి అర్థమే లేదు. ఆ ట్రాఫిక్ వెళ్లి వాళ్ల పెట్టెలో పోలీసింగ్‌కు దొరుకుతుంది. 100 దాటినదాన్ని అక్కడ చీటీ చూడకుండా పారేస్తారు. ఎంత శ్రద్ధగా రాసిన పాలసీ అయినా ఇక్కడ వృథా.

దీనికి మందు, వరుసను మన ఇంట్లోకి తెచ్చుకోవడం. బయటికి వెళ్లే పోర్టును 95 ఎంబీపీఎస్‌కు షేప్ చేసి, ఆ షేపర్ లోపల వరుసలు పెట్టాలి. అప్పుడు ఇరుకు మన దగ్గరే ఏర్పడుతుంది, ఎవరు ఆగాలో మన మాట చెల్లుతుంది. పోలీసింగ్ అయితే హద్దు దాటినవాటిని పారేస్తుంది, షేపింగ్ అయితే వాటిని కాసేపు ఆపి నిదానంగా పంపుతుంది. తిరుపతిలో శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్సుల్లో సర్వదర్శనానికి వేళ రాసిన టోకెన్లు ఇవ్వడం షేపింగ్ లాంటిదే. కొండ మీద గుమిగూడకుండా కిందనే వేళ పంచుతారు. అందరూ ఒక్కసారి ఎక్కి వచ్చాక గేటు దగ్గర వెనక్కి పంపేస్తే అది పోలీసింగ్.

షేపింగ్ బాగా చేయాలంటే స్విచ్‌లకు సాధారణంగా బఫర్ చాలదు, ఈ పని రౌటర్‌కో, ఫైర్‌వాల్‌కో అప్పగించడం మంచిది. మన చీటీలను మామూలు ఇంటర్నెట్ లింకులో సంస్థలు పట్టించుకోవు, కొన్నిచోట్ల చెరిపేస్తాయి కూడా. ఆఫీసుల మధ్య సంస్థ ఇచ్చే ప్రైవేటు ఎంపీఎల్‌ఎస్ లింకు కొంటే ఏ డీఎస్‌సీపీని ఏ క్లాసులో పెడతారో ఒప్పందంలో రాయించుకోండి. ఇక బయటి నుంచి లోపలికి వచ్చే ట్రాఫిక్ మీద మన అదుపు చాలా తక్కువ. అక్కడ పెద్ద డౌన్‌లోడ్లను తగ్గించడం, లేదా లింకు పెంచడం. నిజం ఇది.

వైఫైలో ఒక చిక్కు. చాలా యాక్సెస్ పాయింట్లు డీఎస్‌సీపీలో మొదటి మూడు బిట్లనే తీసుకుంటాయి. 46 కాస్తా 5 అవుతుంది. వైఫై లెక్కలో 5 అంటే వీడియో, గొంతు అంటే 6, 7. ఈఎఫ్‌ను 6కు మార్చమని 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8325 చెప్పింది. మీ కంట్రోలర్‌లో ఆ మ్యాప్ ఒకసారి చూడండి.

పెట్టింది పనిచేస్తోందా లేదా అన్నది గ్రాఫ్ చెప్పదు, వరుసవారీ డ్రాప్ కౌంటర్లు చెబుతాయి. 2960లో "షో ఎంఎల్‌ఎస్ క్యూఓఎస్ ఇంటర్‌ఫేస్" కమాండ్‌కు పోర్టు పేరు, చివర "స్టాటిస్టిక్స్" జోడిస్తే ఏ డీఎస్‌సీపీ ఎన్ని వచ్చాయి, ఏ వరుసలో ఎన్ని పోయాయి అన్నీ కనిపిస్తాయి. అందులో వరుసలు 0 నుంచి 3 వరకు ఉంటాయి, కాన్ఫిగరేషన్‌లో 1 నుంచి 4. ఇది తెలియక, గొంతు వరుసలో డ్రాప్స్ ఉన్నాయని మేం ఒక పూట కంగారుపడ్డాం. కౌంటర్‌లో 1 అంటే మన 2వ వరుస.

ఆ తర్వాత గురువారం ఉదయం పదకొండింటికి, ఫ్లోర్ నిండుగా ఉన్న వేళ, డిజైన్ టీమ్‌ను అడిగి నాలుగు కంప్యూటర్లలో ఒకేసారి పూర్తి బ్యాకప్ మొదలుపెట్టించాం. అప్‌లింక్ నిండింది. కౌంటర్‌లో 3వ వరుస డ్రాప్స్ వేలల్లో పెరుగుతున్నాయి. 0వ వరుసలో సున్నా. నేను మళ్లీ వెళ్లి ఆ శ్రీకాకుళం అమ్మాయి పక్కన కూర్చున్నాను. అవతల ఎవరో తాతగారు. పిల్ల నంబరు ఒక్కసారే చదివింది. ఆయన తిరిగి అప్పజెప్పారు, పదకొండు అంకెలూ.